ముప్పై అడుగుల అంచనా

ఎంకపల్లిలో మైసయ్య భూమిని కాజేయడానికి జ్ఞానేశ్వర్‌కు కత్తీ కటారీ అవసరం పడలేదు. ఒక ఎస్టిమేట్ చాలింది.

అతని పనే అది. ఫ్యాక్టరీలు పారబోసిన విషాన్ని శుభ్రం చేయడానికి ఎంత ఖర్చవుతుందో లెక్కగట్టి కాలుష్య నియంత్రణ ఆఫీసుకు రిపోర్టు ఇవ్వడం. మొయినాబాద్ చుట్టుపక్కల అలాంటి కేసు ఏదొచ్చినా అతనికే ఇచ్చేవారు. మైసయ్య చేను మూలన ఎవరో నాలుగు నీలం డ్రమ్ములు పడేసి పోయారని, ఆ పక్క బోర్లలో నీళ్ళు పసుపుపచ్చగా వస్తున్నాయని ఊరివాళ్ళు అర్జీ పెట్టుకుంటే, ఆ కేసూ అతని ఒళ్ళోనే పడింది.

పద్ధతి ప్రకారమైతే చేనంతా అక్కడక్కడా బోర్లు వేయాలి, మట్టి తీసి ల్యాబుకు పంపాలి, విషం ఎంత లోతుకు దిగిందో చూడాలి. చూస్తే మే నెల ఎండ. జ్ఞానేశ్వర్ కారు అద్దం దించి డ్రమ్ములకు ఫోటో తీశాడు, మళ్ళీ అద్దం ఎక్కించాడు. బోర్ల ఖర్చు మాత్రం బిల్లులో పెట్టాడు. ఆ విషయంలో ఏ లోటూ చేయలేదు.

నాలుగు డ్రమ్ములకు అయ్యేది కాస్త మట్టి ఎత్తిపోసే ఖర్చు. కానీ చేను రోడ్డు పక్కనే ఉంది. అటూ ఫామ్‌హౌసే, ఇటూ ఫామ్‌హౌసే. చూడగానే జ్ఞానేశ్వర్‌కు నోరూరింది. గండిపేటలో తన ఫ్లాటులో ఏసీ కింద కూర్చుని, విషం చేనంతా పాకిందనీ, ముప్పై అడుగుల లోతుకు దిగిందనీ, శుభ్రం చేయాలంటే తొమ్మిది కోట్లు కావాలనీ రాసేశాడు. ముప్పై అడుగులే ఎందుకంటే, పోయినేడు ఇంకో ఊరికి రాసిన రిపోర్టులో అంతే ఉంది. ఊరి పేరు మారిస్తే సరిపోయింది.

ఆ కాగితం పట్టుకుని మైసయ్య ఇంటికి వెళ్ళాడు. మైసయ్య భార్య కృష్ణమ్మ వాకిట్లో చిక్కుడుకాయలు ఒలుస్తోంది.

"విషం బాగ లోతుకు పోయిందమ్మా," అన్నాడు ముఖం వేలాడేసి. "ముప్పై అడుగులు." వాళ్ళకు అర్థమయ్యే భాషలో ఇంకాస్త భయం కలిపాడు. "అంటే ఒక మోట బాయంత లోతు!"

కృష్ణమ్మ చేతులు ఆగిపోయాయి. మైసయ్య ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"గది మీకెట్ల తెలిసింది సారు?" అన్నాడు గొంతు తగ్గించి.

"మా దగ్గర మిషన్లున్నయి మైసయ్యా. అన్ని పెట్టి చూసిన. భూమి లోపల ఏమున్నా మాకు తెలిసిపోతది."

"మరి గీ ఖర్చు?"

"భూమి ఎవరి పేరు మీద ఉంటే వాళ్ళ నెత్తిన పడ్తది. నీ ఇల్లు వాకిలి అమ్మినా చాలదు." అసలు సంగతి మెల్లగా బయటపెట్టాడు. "మీ అవస్థ చూడలేక అంటున్న. మా ఇంటామె సింధుజ పేరు మీద రాసియ్యిండ్రి. ఆఫీసు సంగతి నేను చూసుకుంట, మీకు ఫికర్ లేదు. రేటు మాత్రం జర తక్కువొస్తది."

అతను చెప్పిన ధరకు రాళ్ళగుట్ట కూడా రాదు. మొయినాబాద్‌లో గుంట భూమి అమ్మాలన్నా మూడు చాయ్‌లు, రెండు అలకలు, ఒక పెద్దమనిషి పంచాయితీ ఉంటాయి. మైసయ్య మారుమాట లేకుండా తలూపాడు.

"నువ్వు దేవునివి బిడ్డా," అంది కృష్ణమ్మ దండం పెడుతూ. "గీ ముచ్చట మాత్రం ఎవ్వరికి చెప్పకు."

ఎంత అమాయకులో అనుకున్నాడు జ్ఞానేశ్వర్. ఈల వేసుకుంటూ కారెక్కాడు.

ఆ రేటుకైనా చేతిలో అంత డబ్బు లేక, సింధుజ నగలూ గండిపేట ఫ్లాటూ తాకట్టు పెట్టి, చేవెళ్ళలో ఆమె పేరున రిజిస్ట్రేషన్ చేయించాడు. ఇక మిగిలింది ఒక్కటే. మొదటి అంచనా పొరపాటనీ, విషం మూడడుగులకు మించి దిగలేదనీ రెండో రిపోర్టు ఇవ్వడం. అది పాసైతే భూమి బంగారం, కాకపోతే తను రోడ్డు మీద.

ఆఫీసర్ ఝాన్సీ రిపోర్టును వెనక్కి తోసింది. "అంచనా పెంచుతానంటే కాగితం చాలండీ. తగ్గిస్తానంటే మాత్రం తవ్వి చూపించాలి. రూలు."

జ్ఞానేశ్వర్ ధైర్యంగా జేసీబీ పిలిపించాడు. లోపల ఏమీ లేదని తెలిసినవాడికి భయమెందుకు? డ్రమ్ములకు దూరంగా, చేను నడిమధ్యన, గడ్డి పచ్చగా ఉన్నచోట తవ్వమన్నాడు.

మూడడుగుల దాకా మట్టే. ఇంకాస్త దిగాక బకెట్టు దేనికో తగిలి ఠంగుమంది. ఘాటు వాసన గుప్పున లేచింది. డ్రైవర్ బండి వదిలేసి పరుగు తీశాడు. గుంతలో గుండ్రటి రాతిగోడ, ఆ గోడ నడుమ కిక్కిరిసి నీలం డ్రమ్ములు.

తవ్వకం చూడటానికి వచ్చిన ఝాన్సీ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని తొంగిచూసింది. "మీ మొదటి అంచనానే కరెక్టండీ. ఇంకా తక్కువే వేసినట్టున్నారు. సరే, భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళ దగ్గరే వసూలు చేద్దాం. ఈ సింధుజ ఎవరు?"

జ్ఞానేశ్వర్ మైసయ్య ఇంటికి ఉరికాడు.

"దొంగ! నన్ను నిలువున ముంచినవ్ కదరా!"

మైసయ్య నిజంగానే బిత్తరపోయాడు. "ముంచుడేంది సారు? మీకు తెల్వకుంట అమ్మినమా? మా తాత తవ్విన మోట బాయి, ఎండిపోయి ఉత్తగ పడున్నది. ఓ కంపెనోళ్ళు కిరాయిచ్చి డ్రమ్ములన్ని అండ్ల నింపిన్రు, పట్టని నాలుగు మూలన పడేసి పోయిన్రు. మేం పైన మన్ను కప్పినం. ఊరోళ్ళు బాయి పూడ్చినమనుకున్నరు గని, లోపల ఏమున్నదో ఒక్కనికి తెల్వదు. మీరొచ్చి ముప్పై అడుగులు, మోట బాయంత లోతు అనేసరికి మా పానం పోయినంత పనైంది. జైలుకు పంపకుంట భూమి గూడ కొంటుండు, గిట్లాంటి మనిషి మళ్ళ దొరకడని బేరం గూడ చెయ్యలే."

జ్ఞానేశ్వర్ వాకిట్లోనే చతికిలబడ్డాడు.

కృష్ణమ్మ అతని ముఖంలోకి పరీక్షగా చూసింది. మెల్లగా చేయి బుగ్గన పెట్టుకుంది.

"ఓ బిడ్డా... అన్ని మిషన్లు పెట్టి చూసిన అంటివి గద. చూడకుండనే రాసినవా?"