ఔరాద్ ఆకాశంలో పళ్ళెం

"ఫోటో దిగడానికి రాలేదమ్మా. ఆ పళ్ళెం నెగెటివ్ ఒకసారి చూడాలి."

ఆ మాట వినగానే శంకరమ్మకు ఒళ్ళు మండిపోయింది.

వచ్చిన ముసలాయనకు డెబ్బై దగ్గర పడి ఉంటాయి. చేతిలో తోలుసంచీ, కళ్ళకు మందపాటి అద్దాలు. స్టూడియో నాలుగు మెట్లు ఎక్కేసరికే ఆయాసపడుతున్నాడు.

బీదర్‌లో గడప తొక్కిన మనిషికి నీళ్ళిచ్చి, ఊరూ పేరూ అడగడం రివాజు. ఆ రోజు శంకరమ్మ నీళ్ళూ ఇవ్వలేదు, పేరూ అడగలేదు.

ఎందుకిస్తుంది? ఏడేళ్ళుగా ఆ నెగెటివ్ కోసం వచ్చిన ప్రతివాడూ నవ్విపోవడానికే వచ్చాడు.

ఈ రాష్ట్రం పేరు కర్ణాటక అయ్యి ఏడాది కావస్తోంది. ఇంకా మైసూరు రాష్ట్రంగా ఉన్న అరవై ఏడులో, ఆమె భర్త రాచయ్య ఔరాద్ పక్క పల్లెకు పోయి, మొగులప్ప అనే రైతుకు కొత్త ఎద్దుల జతతో ఫోటో తీశాడు. అదే క్షణాన పైన పళ్ళెం లాంటిదేదో తళతళలాడుతూ పోయింది. ఇద్దరూ కళ్ళారా చూశారు. ఫోటోలోనూ పడింది.

ఎగిరే పళ్ళెమని పత్రికలన్నీ అచ్చేశాయి.

తర్వాత బెంగుళూరులో ఫోటోలు పరీక్షించే సర్కారు ఆఫీసరు, కిష్టప్ప అట, నెగెటివ్ తెప్పించుకుని, తిప్పి పంపుతూ రిపోర్టు రాశాడు. 'దీని మీద పెన్సిల్ గీతలున్నాయి. కాబట్టి నకిలీ.'

గీతలు ఎక్కడున్నాయో రాయలేదు. ఎందుకున్నాయో అడగలేదు. కుర్చీ దిగకుండా, బీదర్ మొహం చూడకుండా, ఒక్క ముక్కతో మంచి మనిషిని దొంగను చేశాడు.

సర్కారు కచేరీలో రాచయ్య తీసిన ఫోటోలు తీసుకోవడం మానేశారు. బజారంతా 'పళ్ళెం రాచయ్య' అంది. ఆ పేరు మోస్తూనే ఆయన కన్ను మూశాడు.

"సూసి ఏం జేస్తవయ్యా? నువ్వు గూడ నఖిలీ అని రాస్తవా?" అంది శంకరమ్మ.

"చూడకుండా ఏమీ రాయనమ్మా."

"ఆ కిష్టప్పకు గింత బుద్ధి ఉంటే నా పెనిమిటి ఇజ్జత్ గిట్ల పోవునా?"

ముసలాయన తల వంచుకున్నాడు.

శంకరమ్మ పెట్టెలోంచి నెగెటివ్ తీసి బల్ల మీద పడేసింది. ఆయన దాన్ని కిటికీ వెలుతురుకు పట్టి, భూతద్దంతో గంటసేపు చూశాడు.

"గీతలన్నీ రైతు మొహం మీదే ఉన్నాయి. ఆకాశంలో ఒక్కటీ లేదు. మొహం ఎందుకు దిద్దారు?"

"ఆయనకు అమ్మవారు పోసిన మచ్చలున్నయి. ఏ స్టూడియోల అయినా నెగెటివ్ మీద పెన్సిల్‌తోని టచింగ్ జేసి, అవి సాఫ్ జేసే ఇస్తరు. ఫోటోల మనిషి మంచిగ కనబడాలె గద. అది మర్యాద."

"ఈ సంగతి ఆ ఆఫీసరుకు చెప్పలేదా?"

"ఎవలడిగిండ్రయ్యా? అడిగితే గద చెప్పేది."

"రాసి పెట్టిందేమైనా ఉందా?"

శంకరమ్మ రాచయ్య పనిపుస్తకం తెచ్చి ఆయన ముందుకు విసిరింది. అందులో తేదీ, దాని పక్కన రాచయ్య చేతిరాత: 'మొగులప్ప, ఎద్దుల జత. మొహానికి మాత్రం టచింగ్.'

ముసలాయన ఆ వాక్యాన్ని అచ్చం అలాగే రాసుకున్నాడు. మొగులప్పను చూడాలన్నాడు.

మర్నాడు ఔరాద్ బస్సు దిగి మొగులప్ప వచ్చాడు. ముసలాయన అతణ్ణి గుమ్మం వెలుతురులో కూచోబెట్టి మొహం మీద భూతద్దం పెట్టాడు.

"నా మొహమేమన్న తమాషనా?" అని మొగులప్ప కస్సుమన్నాడు.

"పదకొండు మచ్చలు. పదకొండు చోట్లే గీతలు," అన్నాడు ముసలాయన తనలో తాను.

"ఏడేండ్ల సంది మేం మొత్తుకునేది గదే కద," అంది శంకరమ్మ.

మెట్ల మీద ఆగి ఆయన ఏదో చెప్పబోయాడు.

"పో అయ్యా. మల్ల నా గడప తొక్కకు."

చెప్పబోయింది మింగేసి, దగ్గుకుంటూ వెళ్ళిపోయాడు.

నాలుగు నెలలకు బెంగుళూరు నుంచి సర్కారు ముద్రతో కవరొచ్చింది. అది ఇంగ్లీషు. పక్కింటి హేబ్సిబా టీచరు చదివి చెప్పింది.

"'ఆకాశం భాగాన్ని ఎవరూ ముట్టుకోలేదు. ఆ వస్తువేమిటో నాకు తెలియదు. అది రాచయ్య చేసిన మోసం కాదని మాత్రం సాక్ష్యంతో చెప్పగలను. పాత రిపోర్టు తప్పు. దాన్ని రద్దు చేసి, ఈ మాట పత్రికల్లో వేయించాలి.'"

శంకరమ్మ గోడ మీది రాచయ్య ఫోటో దించి ఒళ్ళో పెట్టుకుంది.

"ఇంకో కాయితం ఉందక్కా. ఇది రాసినాయన రిటైరయిండట. పానం బాగ లేకున్నా తనకు తానే ఈడికొచ్చి, దవాఖానల పండుకొని రాసిండట. దస్కత్ జేసిన వారానికే పోయిండట."

శంకరమ్మకు దుఃఖం తన్నుకొచ్చింది. దానితో పాటే కోపమూ వచ్చింది.

"గుక్కెడు నీళ్ళియ్యకపోతి తల్లీ. ఆ కిష్టప్ప గీయన కాలిగోటికి గూడ సరిపోడు. గీయన పేరు జర సదువు. నా పెనిమిటి ఫోటో కింద రాయించుకుంట."

హేబ్సిబా రిపోర్టు చివర ఉన్న దస్కత్‌ను రెండుసార్లు చదువుకుంది.

"కిష్టప్ప అనే ఉందక్కా," అంది.