మేస్త్రీ గుర్తు

"ఇవాళైనా నోరు అదుపులో పెట్టుకో. ఈ పని కూడా పోతే ఇక నావల్ల కాదు," అని అన్నయ్య ఆ కొత్త ఇంటి గుమ్మంలోనే బతిమాలాడు. తప్పులు చూపించి చెల్లెలు అప్పటికే మూడు ఉద్యోగాలు పోగొట్టుకుంది.

లోపల టైల్స్ మేస్త్రీ తను పరిచిన హాలు తుడుస్తున్నాడు. "నీకేం పని వచ్చమ్మా?"

ఆమె నేలంతా కలియజూసింది. పెదవులు బిగబట్టింది. ఇక ఆగలేకపోయింది.

"కిటికీ కింద నాలుగో టైలు. దాని మీది సన్నగీత ఎడమకి వాలింది. మిగతావన్నీ కుడికి."

అన్నయ్య నెత్తి కొట్టుకున్నాడు. "ఏమనుకోకండి మేస్త్రీగారూ, మా చెల్లికి ఆటిజం. కంటపడింది చెప్పందే ఊరుకోదు."

మేస్త్రీ పకపకా నవ్వాడు. "అది కావాలనే వేశానయ్యా! ప్రతి ఇంట్లో ఒక్కటి తిప్పి వేస్తా, నా గుర్తుగా. ఇరవై ఏళ్లలో ఒక్క ఇంజనీరైనా కనిపెట్టలేదు!"

"మరి తలుపు వెనకది?" అంది చెల్లెలు. "అదీ మీ గుర్తేనా?"

నవ్వు ఆగిపోయింది. మేస్త్రీ కళ్లజోడు తడుముకుని, తలుపు వెనక మోకాళ్ల మీద కూర్చుని ఆ టైలు గీతను వేలితో తడిమాడు. అక్కడినుంచే అతని గొంతు వినిపించింది.

"అమ్మాయీ, రేపు ఎనిమిదింటికల్లా వచ్చెయ్యి. నేను సిమెంటు కలపకముందే రావాలి సుమా!"