కర్ర పెట్టిన ఊరు

“భుజం నొప్పి తగ్గిందన్నారుగా, ఇవాళైనా ఆ కర్ర కాస్త పైకెత్తండి సార్. ఏడాదిగా ఆ దక్షిణాన్నే పొడుస్తున్నారు. చూసేవాళ్ళకి మొహం మొత్తింది,” అన్నాడు ప్రొడ్యూసర్, గోడమీది దేశపటం సరిచేస్తూ.

గొడుగాయన భుజం తిప్పి చూసుకున్నాడు. కలుక్కుమనలేదు.

టీవీలో వాతావరణం చెప్పినన్నాళ్ళూ ఆయన మాట ఒక్కటీ ఫలించిన పాపాన పోలేదు. ఎండ కాస్తుందంటే జనం గొడుగులు పట్టుకుని బయల్దేరేవారు. పేరు అలా వచ్చింది. ఎక్కడో పరాయి దేశంలో యుద్ధం మొదలైంది. దాని సంగతులు చెప్పే నిపుణుడు ఓ సాయంత్రం జలుబు చేసి రాకపోతే, కోటు సరిపోయింది కదా అని ఈయన్ని నిలబెట్టారు. భుజం పట్టేసి ఉందేమో, కర్ర పటంలో కిందికే ఆనింది. “రేపు ఇక్కడ దాడి,” అన్నాడు. మర్నాడు అక్కడే జరిగింది. ఆ తర్వాత గురి తప్పిందే లేదు. ఓసారి కర్ర జారి ఎండిపోయిన చెరువులో పడితే, ఆ చెరువు కోసం కూడా కొట్టుకున్నారు.

“మనింటి మీద పడే వాన చెప్పలేని మనిషికి పరాయివాళ్ళ ఫిరంగులెలా తెలుస్తున్నాయండీ?” అనేది భార్య.

“అదే మరి విద్యంటే!”

అభిమానులూ తయారయ్యారు. వాళ్ళలో ఒకాయన కార్యక్రమం కాగానే ఏ దూరదేశం నుంచో ఫోన్ చేసేవాడు. మాటలు కూడబలుక్కుంటూ, “ఆ ఊరే ఖాయమా సార్? పొద్దున్నే మావాళ్ళని పంపాలి,” అనడిగేవాడు. చేతికింద వేల జతల బూట్లున్నాయని ఓసారి అన్నాడు. పాపం, బూట్ల వ్యాపారి, సరుకు అక్కణ్ణుంచి తప్పించడానికి కాబోలు అనుకున్నాడు గొడుగాయన.

ఇవాళ కర్ర ఉత్తరానికి లేచింది. ఓ పెద్ద ఊరి మీద వాలింది. “రేపు ఇక్కడ!”

స్టూడియో గుమ్మం దాటకముందే భార్య ఫోను.

“మీకేం పొయ్యేకాలమండీ! ఆ ఊళ్ళో మా తమ్ముడున్నాడు! లిఫ్టులు బాగుచేసే పనికి వాణ్ణి తోలింది మీరే!”

“తోలనూ మరి? బావ బతుకు కోరేవాడు బావమరిది అంటారు. వాడు నా కంచం కోరాడు.”

“ఏడిశారు! మళ్ళీ లోపలికెళ్ళి, దక్షిణమే అని చెప్పి రండి.”

“పిచ్చిదానా, నేను కర్ర పెడితే యుద్ధం వచ్చేస్తుందా? వానొస్తుందని చెప్పాను, ఎన్నడైనా వచ్చిందా?”

“రాలేదు,” అంది, కాస్త కుదుటపడి.

“మరి!”

ఆ ఫోను పెట్టేయగానే బూట్లాయన.

“ఉత్తరమన్నారు సార్. దారి చాలా దూరం. ఖాయమేనా?”

గొడుగాయనకి పౌరుషం పొడుచుకొచ్చింది. ఇంట్లో ఎలాగూ విలువ లేదు, బయటైనా నిలబెట్టుకోవద్దూ?

“నా మాట ఎప్పుడైనా తప్పిందా?” అన్నాడు.

“ట్యాంకులు బయల్దేరదీస్తున్నాను సార్.”