గుట్టల్లో అన్నం ఎక్కడ?

“ఈసారి టూరుకు వంటమనిషి అక్కర్లేదు ఇన్నయ్యా” అన్నాడు జాగ్రఫీ లెక్చరర్ వెంకటేశం, మెస్సు ముందు సైకిలు స్టాండు తీస్తూ.

హాస్టల్ మెస్సులో వంట చేసే ఇన్నయ్య గబగబా బయటికొచ్చాడు. తువ్వాలుకు చేతులు తుడుచుకుంటూ సైకిలుకు అడ్డంగా వచ్చి నిలబడ్డాడు.

“అట్లంటె ఎట్ల సారూ? ఏటూరునాగారం దాటి పోవాలె. ఒక దిక్కు గోదారి, మూడు దిక్కుల గుట్టలు. ఆడ హోటలున్నదా, చాయ్ బండున్నదా? ఇంతమంది పోరగాండ్లు ఏం తినాలె, రాళ్లు తినాల్నా?”

“ఊళ్లెనే ఒక ఇంట్ల మాట్లాడొచ్చిన. పొద్దుమాపు వాళ్లే వండిపెడ్తరు.”

“ఆ ఊళ్లెనా!” ఇన్నయ్య నెత్తి పట్టుకున్నాడు. “మోసపోయిండ్రు సారూ! ఆ ఊరు నాకెరుకనే. ఆడోళ్లకు గంజి వార్చుడు రాదు. కూరల ఉప్పేస్తె కారం మరుస్తరు. ఆ తిండికి పిల్లల కడుపులు కరాబైతయ్, చూస్కోండ్రి!”

వెంకటేశం నవ్వి, సైకిలు నడిపించుకుంటూ కదిలాడు. ఇన్నయ్య వదిలితే కదా! పొయ్యి మీది పప్పు సంగతి తోటి వంటామె కాశమ్మకు అప్పజెప్పి వెంటపడ్డాడు. క్యాంపస్ చెట్ల కింద నడిచినంత సేపూ ఒకటే పోరు. ఆ ఊళ్లో బియ్యం ముక్కిపోయినవన్నాడు. నీళ్లు జబ్బు చేస్తాయన్నాడు. చేపలు కడగకుండానే పులుసులో వేస్తారన్నాడు. పాపం, అబద్ధం చెప్పి అలవాటు లేని మనిషేమో, ఒక్కొక్కటి చెప్పినప్పుడల్లా నేల చూపులు చూశాడు.

“నాకు జీతం గూడ వద్దు సారూ. వంట గంజులు, గరిటెలు నేనే మోస్త. నన్ను తోల్కపోతె చాలు.”

తార్నాక చేరేసరికి వెంకటేశానికి ఓపిక అయిపోయింది. ఇరానీ హోటల్ ముందు సైకిలు ఆపాడు.

“నీ లొల్లితోని నా తలకాయ పలుగుతున్నది. దా, చాయ్ తాగు.”

ఇద్దరూ బల్ల దగ్గర కూర్చున్నారు. ఇన్నయ్య చాయ్ సాసర్లో పోసుకున్నాడు.

“ఇగ నేను చెప్పేది విను” అన్నాడు వెంకటేశం. “మొన్న జాగ చూడబోయినప్పుడు ఆ ఇంట్ల నేనే తిన్న. అసొంటి చేపల పులుసు నా జన్మల తినలే. రేవు పక్కన పెంకుటిల్లు. బుచ్చవ్వ అని పెద్దామె ఉన్నది. వండేది ఆమె కోడలు, ఉప్పలమ్మ.”

ఇన్నయ్య సాసరు దబ్బున దించేసరికి చాయ్ బల్ల మీద ఒలికింది.

“ఉప్పలమ్మ నా బిడ్డ సారూ” అన్నాడు ఇన్నయ్య.

వెంకటేశం నోరు తెరిచాడు. “నీ బిడ్డనా? మరి ఇంతసేపు తిట్టింది నీ బిడ్డ వంటనేనా?”

“తిట్టిన సారూ, నా నోరు పడిపోను! ఏం చెయ్యాలె మరి? మా కులపోళ్లల్ల బిడ్డ కడుపు పండిందాక తల్లిదండ్రులు అల్లుని ఇంట్ల మెతుకు ముట్టరు. మా తాత ముట్టలే, మా నాయన ముట్టలే. కిందటేడు పిల్లను చూడబోయిన. పళ్లెంల అన్నం పెట్టుకొని నా ముంగట నిలబడ్డది. నేను తినకుంట లేచిన. ఊళ్లె ఇంకెక్కడ దొరుకుతది? వట్టి కడుపుతోని బస్సెక్కిన. నా ఆకలి పోనీ, అది బస్సు దాక ఏడ్చుకుంట వచ్చింది సారూ.”

ఇన్నయ్య తువ్వాలుతో బల్ల తుడిచాడు, తరువాత అదే తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

“మీతోని వంటకొస్తె మన గంజుల అన్నమే తింట గద. ఆచారం తప్పినట్టు గాదు, పిల్లను కండ్లార చూసుకుంట. అందుకే గిన్ని అబద్ధాలాడిన.”

“సరే, అయిందేదో అయింది. వంట చెయ్యకున్నా మంచిదే, రా మాతోని.”

“వద్దు సారూ. ఇప్పుడొస్తె మళ్ల అదే ఇల్లు, అదే పళ్లెం. దాన్ని మళ్లొకసారి ఏడిపియ్యలేను.” ఇన్నయ్య లేచాడు.

“ఆగవయ్యా!” వెంకటేశం చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టాడు. “నాకు గిప్పుడు సమజైతున్నది. వాళ్లకు తిప్పలెందుకని, మా మెస్సు ఇన్నయ్యను వంటకు తెస్తనన్న. నీ పేరు చెప్పంగనే బుచ్చవ్వ కోడలి దిక్కు చూసి ఒకటే నవ్వుడు. ఆ పిల్ల కొంగు మొకానికి అడ్డం పెట్టుకొని లోపలికి ఉరికింది.”

“నవ్విందా? మా వియ్యపురాలు ఏమన్నది సారూ?”

“‘వంటోన్ని తేవద్దు సారూ, తాతను తోల్కరా’ అన్నది.”