గడప లేని ప్యాలెస్

కళావతి ఉన్ని శాలువా మడిచి పెట్టెలో పెట్టింది. అక్క నిర్మలాదేవి దాన్ని తీసి మంచం మీద పడేసింది.

"తెనాలి ఎండల్లో ఇది కప్పుకుని ఊరేగమంటావుటే?"

కళావతి మళ్ళీ పెట్టింది.

ఇంగ్లండులో ఉండటానికి అక్క వీసా ఇంకా రెండు నెలలుంది. ఉండిపో అక్కా అనాలి. రాత్రి అనలేకపోయింది. పొద్దున్న బయల్దేరే ముందు పెరుగన్నం తింటున్నప్పుడూ నోరు పెగల్లేదు.

నార్తాంప్టన్ దాటాక అల్లుడు మురళీధర్ కారాపాడు.

"ఫ్లైట్‌కి బోలెడు టైముంది అత్తయ్యగారూ. ఇక్కడ పాతకాలం బిషప్పుల ప్యాలెస్ ఉంది, చూసి పోదాం."

ప్యాలెస్ అన్నాడు గాని పైకప్పే లేదు. ఎత్తైన రాతి గోడలు, మధ్యలో గడ్డి. మేడ నేల ఎప్పుడో కూలిపోగా పైన గోడకు చలి కాచుకునే పొయ్యి ఒకటి మిగిలిపోయింది. దాని పక్కన ఒక గుమ్మం, గాల్లోకి తెరుచుకుని.

"ఈ బిషప్పు ఎగిరేవాడేమిటే?" అంది అక్క.

మనవరాలు అనన్య బోర్డు చదివింది.

"సెవెన్ హండ్రెడ్ ఇయర్స్, అమ్మమ్మా. ఇది డైనింగ్ హాల్. లాస్ట్ బిషప్ వెళ్ళాక రూఫ్ అమ్మేశారు. స్టోన్స్ విలేజ్ వాళ్ళు తీసుకెళ్ళారు."

"ఆయన మళ్ళీ రాలేదా?" అంది కళావతి.

"బోర్డ్ మీద లేదు."

ఇప్పుడైనా అనేయాలనుకుంది కళావతి. వెనక్కి తిరిగితే అక్క లేదు. అవతలి కమాను కింద నుంచి కుంటుకుంటూ కారు వైపు పోతోంది.

పిలవబోయి ఆగింది.

ప్రయాణమై గడప దాటిన మనిషిని వెనక నుంచి పిలవకూడదు.

పొద్దున్న దాటింది ఇంటి గడప. మళ్ళీ ఇక్కడ దిగి లోపలికి వచ్చారు కదా. లోపల ఉన్నంతసేపూ పిలవొచ్చేమో.

కమాను కింద గడప కోసం చూసింది. గడ్డి. ఆ కమాను అవతల ఇంకో కమాను. దాని అవతల సగం గోడ.

"అనూ, పెద్దమ్మమ్మ ఉన్నది లోపలా, బయటా?"

అనన్య అటూ ఇటూ చూసింది.

"డోంట్ నో, అమ్మమ్మా. రూఫ్ లేదు కదా."

కారు తలుపు పడిన చప్పుడు వినిపించింది.

సాయంత్రం ఇంటికొచ్చేసరికి, పెట్టెలో పెట్టిన శాలువా మళ్ళీ మంచం మీదే ఉంది.

నిర్మలాదేవి మళ్ళీ రాలేదు. ఆ ఏడు కార్తీకంలో, 2003 నవంబరులో, తెనాలిలో పోయింది.