తొర్ర పడాలంటే

రెక్కలొచ్చి ఏడాది దాటినా చిలకమ్మ కొడుకు అమ్మ తొర్ర వదల్లేదు. "పెళ్ళీడు పిల్లాడు ఇంకా నీ రెక్క కిందేనా వదినా?" అని కాకమ్మ దెప్పింది.

నిజమే, వీడెందుకు కదలడూ అని చిలకమ్మకూ అనిపించింది. సూర్యనారాయణుడికి దండం పెట్టుకుని, వాడికో తొర్ర చూద్దామని తనే బయల్దేరింది. అడవంతా నున్నటి లేతచెట్లే.

"తొర్రలన్నీ ఏమైపోయాయి అన్నయ్యా?" అని వడ్రంగిపిట్టను అడిగింది.

"చెట్టు ముసలిదైతేనే తొర్ర పడుతుందమ్మా. ఇప్పుడు మాను కాస్త లావెక్కగానే నరికేస్తున్నారు. ఇంక వాటికి ముసలితనం ఎక్కడిది? మీవాడూ రోజూ పొద్దున్నే వచ్చి ఇదే అడిగి వెళ్తాడు."

వాడు షికారుకు పోతున్నాడనే ఇన్నాళ్ళూ అనుకుంది చిలకమ్మ.

సాయంత్రం ఇంటికొచ్చి, తొర్ర అంచున ముడుచుకు కూర్చున్న కొడుకు పక్కన వాలింది.

"పెళ్ళికి పిల్లను చూసుకో నాయనా," అంది. "నేను కాస్త జరుగుతాను."