రేజవ్వ పీకిన కలుపు

"ఏయ్ అవ్వా! మళ్ళీ నా చేలోకి దిగావా?"

గట్టు మీంచి తూన్యో వేసిన కేకకు, గోధుమల మధ్య నుంచి ఒక నల్ల తలగుడ్డ పైకి లేచింది.

రేజవ్వ. సావా నది అవతలి ఒడ్డు నుంచి వచ్చి, ఊరి చివర గదిలో ఒంటరిగా ఉంటోంది. పదిహేనేళ్లుగా మే నెల వస్తే చాలు, ఊళ్లోవాళ్ల చేలన్నీ ఆమెవే.

"నీ గోధుమ ఒక్కటీ ముట్టలేదు నాయనా. ఈ కంపుమొక్కే పీకుతున్నా."

ఆమె ఒడిలో తమలపాకుల్లాంటి ఆకులు, పసుప్పచ్చ పూలు.

"కోతల్లో దీని గింజలు గోధుమల్లో పడతాయి. పిండి పాడైపోతుంది."

"మా తాతల నాటి నుంచీ ఆ పిండే తింటున్నాం. మాకేమైంది?"

అవ్వ అతని ముఖంలోకి చూసింది. తూన్యో నాన్న, అన్న ఇద్దరూ కిడ్నీలు చెడి అరవై దాటకుండానే పోయారు. ఆ ఊళ్లో సగం ఇళ్లది అదే గతి. వంశపు జబ్బని అందరూ సరిపెట్టుకున్నారు. తూన్యోకు అరవై నిండబోతున్నాయి.

"ఏమీ కాకూడదనే," అంది అవ్వ.

"నీ పిచ్చి నీ ఇంట్లో పెట్టుకో. ఇంకోసారి కనిపిస్తే కుక్కను వదులుతా!"

ఆ చలికాలంలోనే అవ్వ పోయింది. సమాధి దగ్గరికి తూన్యో వెళ్లలేదు.

వేసవిలో డాక్టర్లు వచ్చి ఊరందరికీ పరీక్షలు చేశారు. ఫలితం చెప్పే రోజు తూన్యో అందరికంటే చివర వెళ్లాడు.

"మీ కిడ్నీలు బాగున్నాయి," అంది డాక్టర్ నెవెంక.

"సరిగ్గా చూడండి డాక్టరమ్మా! మా ఇంట్లో మగాళ్లకు అరవై దాటే రాత లేదు."

"రెండుసార్లు చూశాం. పక్క ఊళ్లలో ఉన్నంత జబ్బు మీ ఊళ్లో ఇప్పుడు లేదు." ఆమె ఒక బొమ్మ చూపించింది. "ఈ మొక్క గింజలు విషం. పిండిలో కలిసి, ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా కిడ్నీలను తినేస్తాయి. మీ చేలల్లో ఇది దాదాపు లేదు. ఎవరు పీకారు?"

తమలపాకుల్లాంటి ఆకులు. పసుప్పచ్చ పూలు.

తూన్యో ఆ బొమ్మను చేతిలోకి తీసుకున్నాడు. ఒక్క ముసలమ్మ, ఊరి చేలన్నీ, పదిహేనేళ్లు!

"రేజవ్వ," అన్నాడు. "ఇంత సంగతి ఆమెకెలా తెలిసిందమ్మా?"

డాక్టర్ ఒక నలిగిన ఉత్తరం అతని చేతిలో పెట్టింది. "మేం ఈ ఊరొచ్చింది ఇది చదివే."

వంకరటింకర అక్షరాలు.

"డాక్టరు గారూ, మాకు గోధుమలు తక్కువ. తెల్లరొట్టె మా ఆయనకూ ముగ్గురు కొడుకులకూ పెట్టి, నేను మొక్కజొన్న రొట్టె తినేదాన్ని. నలుగురూ పోయాక, నేనొక్కదాన్నే ఎందుకు మిగిలానా అని, ఆ గోధుమలు బల్ల మీద పోసుకుని గింజా గింజా ఏరి చూశాను."